పటంలో ఒక చుక్క

“గురువుగారూ, ఆ పటం చూసి అందరికీ కళ్లు చెమర్చాయి. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. లోపం నాలోనే ఉందంటారా?”

అడిగింది నీలవేణి. ఆమె చెల్లెలు కాన్పుకని ఆసుపత్రికి వెళ్లి, డాక్టరు రాక, బల్ల మీదే ప్రాణం విడిచి నెల కూడా కాలేదు. డ్యూటీలో ఉండవలసిన మనిషి ఆ పూట ఎక్కడికి వెళ్లాడని నీలవేణి కనబడ్డవాళ్లనల్లా అడుగుతోంది. జవాబిచ్చినవాళ్లు లేరు. కాస్త ఊరట దొరుకుతుందేమోనని ఆశ్రమానికి వచ్చింది.

ఆ ఉదయమే లెక్చరర్ సదానందం గోడంత పటమొకటి తెచ్చి ప్రార్థన మందిరంలో కట్టించాడు. అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు తీసిన ఫొటో అది. కటిక చీకటి నిండా వెలుగు చుక్కలు. ఆ చిన్న చుక్కల్లో చాలామటుకు ఒక్కొక్కటీ కోట్ల నక్షత్రాలున్న గెలాక్సీ అని అతను చెబుతుంటే కొందరు చేతులు జోడించారు. ఒక పెద్దాయన వెక్కివెక్కి ఏడ్చాడు. నీలవేణికి కూడా ఒక్క క్షణం ఊపిరి ఆగినట్టయింది. అప్పుడు సదానందం అందరి ముందూ ఆమె వైపు తిరిగాడు.

“చూశావా తల్లీ? ఇంత సృష్టిలో మనమెంత, మన కష్టమెంత? ఒక ప్రాణం ఏపాటిది? ఆ ఫిర్యాదులూ గొడవలూ వదిలెయ్యి. మనసు తేలికపడుతుంది.”

అందరూ తలలూపారు. అతని మాట కన్నా ఆ తలలూపడమే ఆమెను ఎక్కువ కాల్చింది.

కూర్మయ్య గురువుగారు అంతా విన్నారు. ఆమె భుజం ఆసరాతో లేచి మందిరంలోకి వచ్చారు. సదానందం ఇంకా పటం ముందే మైమరచి నిలబడి ఉన్నాడు. గురువుగారు దీపపు కుంది అంచున పేరుకున్న మసిని బొటనవేలితో తీసి, పటంలో ఓ మూలనున్న చుక్క మీద అదిమారు. చుక్క మాయమైంది.

“అయ్యో, ఇదేం పనండీ!” సదానందం ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగేశాడు. కండువాతో తుడవబోతే మసి ఇంకా అలుముకుంది.

“ఇన్ని ఉన్నాయిగా నాయనా. ఒక్కటి పోతే ఏమైంది?”

“ఏమైందంటారేమిటి? అది ఉంది! ఉన్నదాన్ని లేకుండా చెయ్యడానికి మీకేం హక్కుంది?”

గురువుగారి ఎదుట ఏనాడూ గొంతు పెంచని మనిషి. ఆ కేకకు మందిరం ప్రతిధ్వనించింది. పొద్దున తలలూపినవాళ్లు ఇప్పుడూ అతని పక్షానే గుసగుసలాడారు.

నీలవేణి అతని మొహంలోకి చూసింది. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ కోపం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

గురువుగారు వేలి మసిని పంచెకు తుడుచుకున్నారు.

“నీ కోపం న్యాయమైనదే నాయనా. అది చల్లారకముందే ఈ అమ్మాయికి తోడుగా ఆ ఆసుపత్రికి వెళ్లు.”