ముళ్ళపంది తాతగారి బొరియ

ఈ తగువులో న్యాయం ఎవరిదో ముందే చెప్పేస్తాను, దాచుకోవడానికేం లేదు. న్యాయం ముళ్ళపందిది. బొరియ నూటికి నూరుపాళ్ళూ దానిదే. అయినా ఓడిపోయింది. చేతిలో ఉన్న కేసును చేజేతులా ఎలా పోగొట్టుకుందో చెప్పాలనే నా బాధ.

చెరువుకు పడమటి పక్క ఎర్రనేల. దాని మధ్యలో నల్లమట్టి దిబ్బ ఒకటి ఉంది. మట్టి మెత్తన, ఎత్తు కాబట్టి నీళ్ళు నిలవవు. రెండేళ్ళ కిందట ముళ్ళపంది అక్కడికొచ్చి, పదహారు రోజులు ఒంటిగా తవ్వి బొరియ చేసుకుంది. ముందో గది, వెనకో గది, పామొస్తే పారిపోవడానికి పక్కన సన్నని దారి. ఆ తవ్వకం మొత్తం కళ్ళారా చూసింది ఒక్కటే ప్రాణి. ఆ పక్కనే గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టుకుని కూర్చున్న తీతువు పిట్ట.

ఈ ఎండాకాలం నడిమధ్యలో నక్క కుంటుకుంటూ వచ్చింది.

"వదినా, కాలు బెణికింది. నాలుగంటే నాలుగు రోజులు తలదాచుకుంటాను. నీ పేరు చెప్పుకుని బతుకుతాను."

"నాలుగు రోజులేగా, ఉండు," అంది ముళ్ళపంది. "నేనెలాగూ వాగవతల మా అక్కను చూసి రావాలి."

ఎవర్నైనా పిలిచి, "ఇదిగో, నాలుగు రోజులకే ఇస్తున్నాను" అని ఒక్క మాట చెప్పలేదు. ఇరుగుపొరుగు దగ్గర అలాంటివి అడిగితే బాగోదనుకుంది. మొహమాటం.

పన్నెండో రోజున తిరిగొచ్చేసరికి నక్క గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. కాలికేం కాలేదు.

"ఎవరు కావాలమ్మా?" అంది.

"ఎవరు కావాలేంటి? ఇది నా ఇల్లు!"

"నీ ఇల్లని ఎవరన్నారు?"

"నేనంటున్నాను."

"నేను కాదంటున్నాను. నీ మాటకు నా మాట సరి. ఇంకేముంది, వెళ్ళిరా."

ముళ్ళపందికి ఒళ్ళు మండి ముళ్ళన్నీ విప్పింది. నక్క కదల్లేదు.

"గుచ్చు. గుచ్చి చూడు. అప్పుడు కేసు నేనే వేస్తాను."

ముళ్ళపంది ముళ్ళు ముడుచుకుంది. అది కడుపుతో ఉంది. తొలకరికి పదిహేను రోజులు కూడా లేవు. చుట్టుపక్కల ఎర్రనేల ఎండకు రాయిలా బిగుసుకుపోయింది. అక్క బొరియలో ఇప్పటికే ఆరుగురు ఒకరి మీదొకరు పడుకుంటున్నారు. తడినేల మీద పుట్టిన పిల్లలు నిలవవని ముళ్ళపందులకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే కాళ్ళీడ్చుకుంటూ పాత కళ్ళం దగ్గరికి వెళ్ళి ఎద్దుకు మొరపెట్టుకుంది.

ఆ చుట్టుపక్కల తగువులన్నీ తీర్చేది ఎద్దే. బండికి కట్టినన్నాళ్ళూ దెబ్బలు తింది గానీ ఒక్కర్నీ పొడవలేదు. అందుకే అందరికీ దాని మీద గురి. ఏ మాట విన్నా కాసేపు నెమరేసి గానీ బదులు చెప్పదు.

"ఎల్లుండి పొద్దున రా," అంది ఎద్దు. "నక్కకూ కబురు పంపుతాను. నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే వెంట తెచ్చుకో."

కళ్ళం దాటుతుండగా మేకపోతు ఎదురైంది. గడ్డం చూస్తే ఎవరైనా ప్లీడరే అనుకుంటారు. తగువు ఎక్కడుంటే అది అక్కడ ఉంటుంది.

"అమ్మాయ్, ఏమిటి కథ?"

ముళ్ళపంది అంతా చెప్పుకుంది.

"ఒక్కదానివే మాట్లాడగలవా? నేను పదకొండు కేసులు నడిపినవాణ్ణి."

"ఎన్ని గెలిచావు మామా?"

"గెలవడం, ఓడడం మన చేతిలో ఉంటాయా? నడపడం తెలియాలి. అది సరే, ఎల్లుండి ఏం చెప్తావు?"

"జరిగింది చెప్తాను. రెండేళ్ళ కిందట నేనే తవ్వుకున్నానని."

మేకపోతు రెండడుగులు వెనక్కి వేసింది.

"రెండేళ్ళా! రెండేళ్ళంటే నిన్నగాక మొన్న. నలుగురిలో నవ్వుతారు. తాతలనాటిది అనాలమ్మాయ్. తాత తవ్వాడు, అయ్య వెడల్పు చేశాడు, నేను అందులోనే కళ్ళు తెరిచాను. అలా చెప్తే ఎద్దు కళ్ళల్లో కూడా నీళ్ళు తిరగాలి."

"మా తాత ఈ వైపుకే రాలేదు మామా."

"రాలేదని ఎవరికి తెలుసు? ఇప్పుడాయన బతికున్నాడా?"

"లేడు."

"మరింకేం! వచ్చి కాదంటాడా?"

ముళ్ళపంది ఆలోచనలో పడింది. నాకు ఇక్కడే ఒళ్ళు మండుతుంది. పదహారు రోజులు గోళ్ళు అరగదీసుకుని సొంతంగా సంపాదించుకుంది కదా, ఆ మాట గట్టిగా చెప్పుకోడానికేమొచ్చింది? ఊహూఁ. తాత పేరెత్తితే గానీ మనకు గొంతు లేవదు. ఇంట్లో ఇత్తడి చెంబు పోయినా తాతలనాటి చెంబే అంటాం.

వాయిదా రోజు పొద్దున ముళ్ళపంది, మేకపోతు బయల్దేరుతుంటే తీతువు పిట్ట ఎగురుకుంటూ వచ్చి ముందు వాలింది.

"అక్కా, నేనూ వస్తాను. నువ్వు తవ్వినప్పుడు పదహారు రోజులూ అక్కడే ఉన్నాను. నక్క నాలుగు రోజులని అడగడం కూడా విన్నాను. అడిగితే చెప్తాను."

ముళ్ళపంది మొహం విప్పారింది. "రావే తల్లీ" అనబోయింది. మేకపోతు అడ్డం పడింది.

"శుభమా అని బయల్దేరుతుంటే తీతువునా వెంటేసుకెళ్ళేది? అది కూసిన ఇంట్లో ఏమవుతుందో తెలీదూ?"

"నా గుడ్ల దగ్గరికి ఎవరైనా వస్తే కూస్తాను మామా. నీ చావుబతుకుల గురించి నాకేం తెలుసు?" అంది తీతువు.

"చూశావా, చూశావా, చావనే మాట రానే వచ్చింది!"

ముళ్ళపంది పిట్ట వంక చూసింది, తన కడుపు వంక చూసుకుంది.

"ఏమనుకోకే. కడుపుతో ఉన్నదాన్ని. ఈ ఒక్కసారికీ రావొద్దులే."

తీతువుకు మనసు చివుక్కుమంది. "నీ ఇష్టం అక్కా," అని గులకరాళ్ళలోకి వెళ్ళి కూర్చుంది.

కళ్ళం దగ్గర అప్పటికే కుందేళ్ళు, నెమళ్ళు, ఉడుములు గుమిగూడాయి. నక్క ఓ మూల ముడుచుకుని కూర్చుంది. దాని మొహంలో ఏ కళా లేదు.

"మా పద్ధతి ముందే చెప్తున్నాను," అంది ఎద్దు. "నాది అన్నవాళ్ళే చూపించుకోవాలి. కాదన్నవాడు నోరు విప్పకపోయినా తప్పు లేదు. చెప్పమ్మా. కొంచెం చెప్పినా చాలు, తెలిసిందే చెప్పు."

ముళ్ళపంది మొదలుపెట్టింది. నక్క కుంటుకుంటూ రావడం, నాలుగు రోజులని అడగడం, తాను అక్క దగ్గరికి వెళ్ళడం, తిరిగొస్తే "ఎవరు కావాలమ్మా" అనడం, అన్నీ జరిగింది జరిగినట్టు చెప్పింది. వింటున్నవాళ్ళు "అయ్యో" అన్నారు. ఒక నెమలైతే నక్క వంక చూసి ఉమ్మేసింది. ఎద్దు తల ఊపింది.

"బాగుంది. ఇంక ఒక్కటే అడుగుతాను. ఆ బొరియ నీకెలా వచ్చింది?"

ముళ్ళపంది మేకపోతు వంక చూసింది. మేకపోతు గడ్డం ఊపింది.

"మా తాత తవ్వాడండీ."

ఎద్దు దవడ ఆగింది. నెమరు సగంలో ఆపడం దాని జన్మలో ఎవరూ చూడలేదు.

"మీ తాతా?"

"అవునండీ."

"కంగారు లేదు. ఆలోచించుకుని చెప్పు."

"గట్టిగా, గట్టిగా," అని వెనకనుంచి మేకపోతు గొణిగింది.

"ఇందులో ఆలోచించడానికేముందండీ! తాత తవ్వాడు, మా అయ్య వెడల్పు చేశాడు. నేను అందులోనే పుట్టాను. మూడు తరాలుగా ఆ గడప మాదే!"

అప్పటిదాకా వేలాడిపోయిన నక్క చెవులు లేచాయి. అది మెల్లగా ముందుకొచ్చి వినయంగా తల వంచింది.

"అయ్యా, వదినను రెండు మాటలు అడగొచ్చా?"

"అడుగు."

"వదినా, మీ తాతగారంటే నాకూ గౌరవమే. ఆయన ఎప్పుడు తవ్వారమ్మా?"

"పెద్ద గాలివాన వచ్చిన ఏడు."

"అబ్బో! అంటే నువ్వింకా పుట్టలేదు."

"మా అమ్మకే అప్పటికి పెళ్ళి కాలేదు."

"అంత గాలివానలో ఎలా తవ్వారో పాపం."

"ఒంటి కాలి మీద నిలబడి తవ్వాడట," అంది ముళ్ళపంది. అడిగేవాడు దొరికితే అబద్ధానికి అలాగే ఊపొస్తుంది. "మా అమ్మ కథలు కథలుగా చెప్పేది."

"చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"నేను చూశాను!" అంది మేకపోతు.

"నీకు కొమ్ములొచ్చి ఆరేళ్ళు కాలేదు కదా మామా?"

అందరూ ఘొల్లుమన్నారు. మేకపోతు దగ్గు తెచ్చుకుని పక్కకు తిరిగింది. నక్క మాత్రం నవ్వలేదు.

"అయ్యా," అంది ఎద్దుతో. "మూడు తరాల సంగతి నాలాంటిదానికేం తెలుస్తుంది? నాకు తెలియాల్సింది ఒక్కటే. అసలా నల్లమట్టి దిబ్బ అక్కడ ఎప్పట్నుంచి ఉంది?"

ఎద్దు దిబ్బ ఉన్న వైపుకు మెడ తిప్పింది.

"నాలుగేళ్ళ కిందటి ఎండాకాలంలో చెరువు పూడిక తీశారు," అంది చివరికి. "ఆ మట్టి తోలిన బళ్ళలో ఒకదానికి నన్నే కట్టారు. ఆ దిబ్బ మేం పోసిందే. ఆ పని అయ్యాక నా మెడ మీద మళ్ళీ కాడి పెట్టలేదు. అందుకే బాగా గుర్తుంది."

"అంతకుముందు అక్కడేముండేదండీ?"

"చదును నేల. గడ్డి మేసేవాళ్ళం."

ముళ్ళపంది రెండడుగులు ముందుకు వేసింది.

"అయ్యా, తప్పయిపోయింది," అంది. "తాత కాదు. నేనే తవ్వాను. రెండేళ్ళ కిందట, పదహారు రోజులు. ఒట్టు!"

"ఇది నిజమని నాకెలా తెలుస్తుందమ్మా? ఇందాక తాత తవ్వాడన్నప్పుడూ నీది ఇదే గొంతు."

"చూసినవాళ్ళున్నారండీ! తీతువు చూసింది! నక్క నాలుగు రోజులని అడగడం కూడా అది వింది!"

"ఎక్కడుంది?"

"వస్తానంది. నేనే..."

"నువ్వే?"

"శకునం మంచిది కాదని వద్దన్నానండీ."

ఎద్దు ఊపిరి వదిలింది. కోపం కాదు, దానికి బాధేసింది.

"పోనీ ఇప్పుడు పిలిపించండయ్యా. ఒక్క ఎగురులో వస్తుంది."

"వచ్చి ఏం చెప్తుంది?"

"నేనే తవ్వానని."

"నువ్వు నా ఎదుట, ఆలోచించుకోమన్నాక కూడా, తాత తవ్వాడన్నావు. మూడు తరాలన్నావు. ఆ పిట్టను నమ్మాలంటే నిన్ను నమ్మకూడదు. నిన్ను నమ్మాలంటే ఆ పిట్టను నమ్మకూడదు. బొరియ కావాలని వచ్చింది నువ్వు. నిన్ను నమ్మకుండా నీకెలా ఇవ్వను?"

ఎద్దు అందరి వంకా తిరిగింది.

"బొరియ నక్కదని నేననడం లేదు. నీదని తేలలేదంటున్నాను. ఎవరు ఎక్కడున్నారో అక్కడే ఉండండి. ఒకసారి తీర్పు అయిన తగువును మళ్ళీ ఎత్తడం ఈ కళ్ళంలో లేదు."

"అంటే నక్క లోపలా, నేను బయటా?"

"అంతేనమ్మా," అని ఎద్దు లేచి అటు తిరిగి నిలబడింది.

మేకపోతు చెంగున వచ్చింది. "దిగులు పడకు అమ్మాయ్. కొండ దగ్గర ఏనుగు ఉంది. అక్కడైతే మీ ముత్తాత దగ్గర్నుంచి మొదలుపెట్టి..."

ముళ్ళపంది ముళ్ళు జల్లున లేచాయి.

"నీకిది పన్నెండోది మామా. పదమూడోది నా మీద వేసుకోకు. తప్పుకో!"

అంతా వెళ్ళిపోయాక దారిలో నక్క వెనకనే వచ్చి కలిసింది. దూరంగానే ఆగింది, ముళ్ళంటే దానికీ భయమే.

"వదినా, ఇంత జరిగాక నీ దగ్గర దాపరికం ఎందుకు? బొరియ నీకెలా వచ్చిందని ఎద్దు నన్నడిగితే ఏం చెప్పాలో ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా ఒక్క అబద్ధమూ కుదర్లేదు. నిన్న సాయంత్రం మూట కట్టుకుని వెళ్ళిపోదామనే అనుకున్నాను. నువ్వు తవ్విన సంగతి చెప్పి, ఆ పిట్టను వెంట తెస్తున్నావని తెలిస్తే నేను కళ్ళం దాకా కూడా వచ్చేదాన్ని కాదు. అబద్ధం చెప్పే పని నువ్వే నెత్తినేసుకున్నావు."

అలా అని దిబ్బ వైపు వెళ్ళిపోయింది. ముళ్ళపంది ఆ పూటే ఎర్రనేలలో గోరు దించింది. మొదటి గోరు సాయంత్రానికే విరిగింది. తొలకరి పదకొండో రోజున వచ్చింది. అప్పటికి అయింది తల పట్టేంత గుంట, ఆ గుంట నిండా ఎర్రనీళ్ళు. వాగు పొంగకముందే అది కడుపు మోసుకుంటూ అవతలికి వెళ్ళింది. అక్క కాదనలేదు. వాకిట్లో, జల్లు కొట్టే మూల, కాస్త ఒదిగి చోటిచ్చింది.

నీతి: ఉన్న నిజం సరిపోయే చోటికి లేని తాతను తీసుకెళ్ళకూడదు.