చేప చెవిలో తెల్లరాయి

ఒకప్పుడు చేపల చెవుల్లో రాళ్లు ఉండేవి కావు. చేపకి చెవేమిటని నవ్వకండి. ఉంది, తల లోపల దాక్కుని ఉంటుంది, మనకి కనపడదంతే.

నీళ్లు తేటగా ఉన్నన్నాళ్లూ ఏ బాధా లేదు. వెలుగు ఎటుంటే అదే పైన. కానీ గోదారికి ఎర్రనీరు వచ్చిందంటే చేపల పని అయిపోయేది. ఎటు చూసినా బురదే. పైకి పోతున్నామనుకుని అడుక్కి దూసుకుపోయి, ఒండ్రులో కూరుకుపోయేవి.

ఆ గోదాట్లో బొచ్చెమ్మ అనే చేప ఉండేది. పోయిన వరదలో దాని పిల్లలన్నీ అలాగే పోయాయి. ఈ ఏడు పుట్టింది ఒక్కగానొక్క కూతురు, పేరు తళుకు. మళ్లీ మబ్బులు పట్టేసరికి బొచ్చెమ్మకి గుండె జారిపోయింది.

వెంటనే నత్తత్త దగ్గరికి పరుగెత్తింది. నత్తత్త ఎంత బురదలోనైనా తిన్నగా ఉంటుంది మరి. ఆవిడ గొప్పగా తన గుల్ల చూపించింది. బరువున్నది ఎప్పుడూ కిందికే లాగుతుందనీ, పిల్ల చెవిలో చిన్న రాయి కట్టిస్తే కింద ఎటో దానికే తెలుస్తుందనీ చెప్పింది. గుల్ల అంచు గీకి చిటికెడు సున్నం కూడా ఇచ్చింది, మహాతల్లి.

బొచ్చెమ్మ ఆ సున్నం తెచ్చి తళుకు చెవిలో పెట్టింది. రాయి కట్టడం మొదలవగానే దాంతోపాటే పులుపు నలుసులు పుట్టుకొచ్చాయి. కంటికి ఆననంత చిన్నవి, ఆకలి మాత్రం కొండంత. సున్నం మీద నిమ్మకాయ పిండితే ఏమవుతుందో మీ అమ్మనడగండి. బుసబుసా పొంగి, కట్టిన రాయి కాస్తా కరిగిపోయింది. బొచ్చెమ్మ ఇంకాస్త సున్నం పెట్టింది. ఇంకాస్త పొంగింది. పిల్లేమో ఒకటే ఏడుపు.

"సున్నం పెంచితే లాభం లేదక్కా. ఆ నలుసుల్ని బయటికి పంపాలి," అని ఒక సన్నటి గొంతు వినిపించింది.

చెవి గోడలో ఒదిగి కూర్చున్న వాకిటమ్మది ఆ గొంతు. ఇన్నాళ్లూ ఆమె అక్కడుందనే ఎవరికీ తెలీదు. తన పక్కనుంచి పులుపు నలుసు ఒక్కటే దూరగలదనీ, ఉప్పుకీ నీటికీ సందే దొరకదనీ చెప్పి, గోడలో ద్వారం చేసుకుని నిలబడింది. పుట్టిన నలుసు పుట్టినట్టు బయటికి జారిపోయింది. రాయి గట్టిపడసాగింది.

కానీ ఎంత మెల్లగా! పైన గోదారి రంగు మారిపోతోంది. బొచ్చెమ్మ ఆగలేకపోయింది. ఇంకాస్త దారి తియ్యమని బతిమాలింది. వినకపోతే తిట్టిపోసింది. పిల్లలు లేనిదానికి నా కడుపుకోత ఏం తెలుస్తుందని కూడా అనేసింది, పాపం.

వాకిటమ్మ కదల్లేదు. "తిట్టక్కా, పడతాను. నేను కాస్త పక్కకి జరిగితే నది మొత్తం లోపలికొస్తుంది. నీ పిల్ల నీకు దక్కదు," అంది.

అంతలో ఎర్రనీరు రానే వచ్చింది. కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడదు. పైకే పోతున్నాననుకుని బొచ్చెమ్మ అడుగు ఒండ్రు వైపు దూసుకుపోయింది. తళుకు మాత్రం ఆగింది. దాని చెవిలో ఏదో చిన్న బరువు ఒక పక్కకి ఒరిగింది. కింద అటేనని దానికి అర్థమైపోయింది.

"అమ్మా, అటు కాదు," అని తల్లి రెక్క నోట కరిచి పట్టుకుని పైకి లాగింది.

వరద తీశాక బొచ్చెమ్మ వాకిటమ్మ ముందు తల ఎత్తలేకపోయింది. నోటికొచ్చినట్టు అన్నందుకు ఏడ్చింది. ఇక కాసేపు కూర్చోమని బతిమాలింది. తను కూర్చుంటే నలుసులకి దారి మూసుకుపోయి రాయి కరుగుతుందని వాకిటమ్మ ఒప్పుకోలేదు. పైగా మిగతా చేపపిల్లల చెవుల్లో కాపలాకి తన చెల్లెళ్లని పిలిచింది.

అప్పటినుంచే చేపల చెవుల్లో తెల్లరాళ్లు ఉంటున్నాయి. మన చెవుల్లోనూ ఉన్నాయి, ఇసుక రేణువుకన్నా చిన్నవి. ఆ చెల్లెళ్లు కొందరు మన నాలుక మీద కూడా నిలబడ్డారు. చింతకాయ కొరికితే పులుపుకి దారిచ్చేది వాళ్లే. ఇప్పుడు కళ్లు గట్టిగా మూసుకోండి. ఆకాశం ఎటుందో తెలుస్తూనే ఉంది కదూ? వాకిటమ్మ ఇంకా కూర్చోలేదు మరి.