పెంచలయ్య వేసిన కంచె

గూడూరు దగ్గర ఒక పల్లెలో, కంటికి కనిపించిందల్లా నాదే అనుకునే పెంచలయ్య అనే రైతు ఉండేవాడు. పొరుగింటి కోడి తన వాకిట్లో గుడ్డు పెడితే, "నా వాకిట్లో పెట్టింది, నాదే" అనేవాడు. అతని భార్య సుబ్బరత్నమ్మ నవ్వి, ఆ గుడ్డు పొరుగింట్లో ఇచ్చి వచ్చేది.

ఆ దంపతులకు పిల్లలు లేరు. వారి బతుకంతా ఒక నిమ్మతోట. తన తండ్రి పోయాక పంపకాల్లో అది సుబ్బరత్నమ్మ వాటాకు వచ్చింది. ప్రతి కోతకూ ఆమె మొదటి బుట్ట చెల్లెలు చెంగమ్మకు నింపి ఇచ్చేది. పెంచలయ్య గొణుక్కునేవాడు. కానీ పాదులు చేసి, నీళ్లు పెట్టి, తోటను కన్నబిడ్డలా సాకేవాడు.

ఒక ఏడు సుబ్బరత్నమ్మ జబ్బుచేసి కన్నుమూసింది. తర్వాతి కోతకు చెంగమ్మ ఎప్పటిలాగే బుట్టతో వచ్చింది. చూస్తే తోట చుట్టూ కొత్త ముళ్లకంచె, గేటుకు తాళం!

"ఇంక బుట్ట తీసుకొని రాబాక చెంగమ్మా. పెళ్లాం ఆస్తి మొగుడిది కాక ఇంకెవరిది?" అన్నాడు పెంచలయ్య.

చెంగమ్మ కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

తోటను తన పేరు మీదికి మార్పించుకోవాలని పెంచలయ్య పట్నంలో లాయరును కలిశాడు. లాయరు అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"వీలునామా లేదు, బిడ్డలు లేరు. ఆమెకు తండ్రి నుంచి వచ్చిన ఆస్తి మళ్లీ తండ్రి వారసులకే పోతుంది. అంటే మీ మరదలికి. మీ ఆవిడ సొంత సంపాదనతో కొన్నదేమైనా ఉంటే అది మీకొస్తుంది."

"ఒక బర్రె ఉంది," అన్నాడు పెంచలయ్య నీరసంగా.

"అయితే బర్రె మీదే."

పెంచలయ్య ఊరికి బస్సెక్కాడు. ఈ వయసులో ఆ తోట లేకపోతే అతనికి పనీ లేదు, తిండీ లేదు. నేరుగా చెంగమ్మ ఇంటికి వెళ్లి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"తోట నీదంట తల్లీ. ఆ పొద్దు నిన్ను గేటు బయట నుంచే పంపేశాను. ఇప్పుడు నువ్వు నన్ను పొమ్మన్నా అడిగేదానికి నాకు నోరు లేదు."

"ఆ చెట్లు నీ చేతి నీళ్లు తాగి పెరిగాయి బావా. ఓపిక ఉన్నన్నాళ్లూ తోట నువ్వే చూసుకో, పంటలో సగం తీసుకో. ఆ కంచె మాత్రం పీకెయ్," అంది చెంగమ్మ.

పెంచలయ్య ఆ సాయంత్రమే కంచె పీకేశాడు. తర్వాతి కోతలో చెంగమ్మ మొదటి బుట్ట నింపి అతని ముందు పెట్టింది. "అక్క లేకపోయినా బుట్ట ఆగకూడదు బావా," అంది. పెంచలయ్య తనకన్నా చిన్నదైన మరదలికి రెండు చేతులూ జోడించాడు. ఇంటికి వెళ్తూ వెళ్తూ, కోడి ఉన్న పొరుగింట్లో దోసెడు కాయలు ఇచ్చి వెళ్లాడు.

నీతి: హక్కు చట్టం ఇస్తుంది, ఆదరణ మనిషే ఇవ్వాలి. అందుకే నాది అని గేటు మూసే ముందు, అది ఎవరి వల్ల మన చేతికి వచ్చిందో తలచుకోవాలి.