మేకుకి వేలాడిన గొడుగు

ముంజిపేట హైస్కూల్లో అప్పలాచారి గారని ఒక హెడ్మాస్టరు ఉండేవారు. మనిషి మంచివాడే కానీ, పోటీ పెడితే తప్ప పిల్లలు కదలరని ఆయన గట్టి నమ్మకం.

అందుకని వరండాలో పెద్ద నల్లబల్ల పెట్టించి, ఒక పక్క ఎ సెక్షను, ఇంకో పక్క బి సెక్షను అని రాయించారు. లెక్క చేస్తే మార్కు, పద్యం అప్పజెబితే మార్కు, మొక్కకి నీళ్ళు పోస్తే మార్కు. రోజూ ప్రార్థన కాగానే ఆ అంకెలు చదివి, వెనకబడ్డ సెక్షను వైపు చూసి పెద్దగా నిట్టూర్చేవారు. కొన్నాళ్ళకి ఎ సెక్షను పిల్లలు బి సెక్షనుకి సుద్దముక్క ఇవ్వడం మానేశారు. బి సెక్షనువాళ్ళు తాము నీళ్ళు పోసిన మొక్కలకి కాపలా కాశారు. ఎ సెక్షనువాళ్ళు వచ్చి ఇంకో చెంబు పోసేసి మార్కు కొట్టేస్తారని వాళ్ళ భయం.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదండీ అని డ్రిల్లు టీచరు సువార్తమ్మ గారు ఒకసారి వెళ్ళి చెప్పారు. "అది పట్టుదలమ్మా," అని హెడ్మాస్టరు మురిసిపోయారు.

ఇంతలో మండలం ఆడపిల్లల ఖో-ఖో పోటీలు వచ్చాయి. ఆ బడికి ఎన్నడూ షీల్డు రాలేదు. ఈసారి వచ్చి తీరుతుందని అప్పలాచారి గారు ముందే తన గది గోడకి మేకు కొట్టించి, వచ్చినవాళ్ళందరికీ చూపించారు.

ఖో-ఖో తెలియనివాళ్ళకి చెబుతాను, వినండి. ఎనిమిదిమంది వరసగా కూర్చుంటారు. తొమ్మిదో అమ్మాయి ఎదుటి జట్టువాళ్ళని తరుముతుంది. ఆమె వరస మధ్యలోంచి దూరకూడదు, వెనక్కి తిరగకూడదు. ఎదుటి పిల్ల అవతలికి దూరిపోతే, కూర్చున్న తనవాళ్ళలో ఒకరి వీపు తట్టి "ఖో" అనాలి. ఆ పిల్ల లేచి తరుముతుంది, ఈమె అక్కడ కూర్చుంటుంది. అంతే ఆట.

ముంజిపేట జట్టులో సగం ఎ, సగం బి. ముందు ఎ సెక్షను కుసుమ లేచింది. ఎదుటి పిల్ల అవతలికి దూరింది. కుసుమ చేతికి అందేంత దగ్గరలో బి సెక్షను పైడితల్లి వీపు ఉంది. కుసుమ ఆ వీపుని చూసి, దాటిపోయింది. తన సెక్షను పిల్లని వెతుక్కుని ఖో ఇచ్చేసరికి, ఎదుటి పిల్ల తీరిగ్గా నిలబడి జడ రిబ్బను బిగించుకుంటోంది. కాసేపటికి ఎ సెక్షను పిల్ల ఒకతె పరుగెత్తలేక, చేసేదిలేక పైడితల్లికి ఖో ఇచ్చింది. ఆమె మాత్రం తక్కువ తిన్నదా? ఎ సెక్షను వీపులన్నీ దాటేసింది.

"ఏమర్రా, మిగతావాళ్ళు బస్సు కోసం కూర్చున్నారా?" అని గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన అడిగాడు. మైదానమంతా నవ్వింది.

విరామంలో హెడ్మాస్టరు చెమటలు కక్కుతూ వచ్చి, పక్కనున్న పిల్లకి ఎందుకివ్వలేదని కుసుమని నిలదీశారు.

"ఇస్తే వాళ్ళు అవుట్ చేసేస్తారు కదండీ," అంది కుసుమ.

"చెయ్యాలనే కదమ్మా ఇచ్చేది."

"అప్పుడు మార్కు బి సెక్షనుకి వేస్తారు. రేపు ప్రార్థనలో మమ్మల్ని చూసి నిట్టూరుస్తారు."

పైడితల్లి అవునని తలూపింది. ఆ ఏడాదిలో రెండు సెక్షన్లూ ఒప్పుకున్న మాట అదొక్కటే.

హెడ్మాస్టరు సువార్తమ్మ గారి వైపు చూశారు. ఆవిడ శ్రద్ధగా తన ఈల తుడుచుకుంటున్నారు. అప్పుడాయన పిల్లల మధ్య మట్టిలో చతికిలబడ్డారు. "తప్పు నాది. రేపటినుంచి ఆ బల్ల ఉండదు. మేకు సంగతీ మరిచిపోండి. పక్కన ఎవరి వీపు ఉంటే వాళ్ళకిచ్చి ఆడుకోండి," అన్నారు.

"మరి నిట్టూర్చరు కదా సార్?" అంది పైడితల్లి.

"ఊపిరే తియ్యను," అన్నారాయన.

ఇక చూడాలి, ఖో మీద ఖో మోగింది. కుసుమ తన వీపు మీద చరిచిన చరుపుకి పైడితల్లి "మెల్లిగా కొట్టవే" అని అరుస్తూ వెళ్ళి ఇద్దరిని అవుట్ చేసింది. అయినా మొదట పోగొట్టుకున్నది ఎక్కడికి పోతుంది? ఒక్క పాయింటుతో ఓడిపోయారు. తిరిగొచ్చే వ్యానులో, ఆ పాయింటు పోయింది నావల్లంటే నావల్లని దారంతా పోట్లాడుకున్నారు.

నల్లబల్ల మధ్యాహ్న భోజనం గిన్నెలు పెట్టుకోవడానికి పనికొచ్చింది. అప్పలాచారి గారు మేకుకి తన గొడుగు తగిలించారు. ప్రార్థనలో అంకెలు చదవడం మానేసి, నిన్న ఎవరు ఎవరికి సాయం చేశారో పిల్లలనే చెప్పమనేవారు. మరుసటి ఏడు షీల్డు వచ్చింది. పాపం, ఆయన గొడుగుకి వేరే మేకు వెతుక్కోవలసి వచ్చింది.

చూశారా, పిల్లల్ని ఒకరి మీదికి ఒకరిని ఎగదోస్తే ఆయాసం మిగులుతుంది, ఒకరికొకరిని తోడు చేస్తే ఆట గెలుస్తారు. ఆ తోడు కలపడమే బడి పెద్ద చెయ్యవలసిన మొదటి పని.