కూర్చోలేని మనిషి

అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పే అలవాటు డాక్టర్ శరభయ్యగారికి లేదు. నరాల జబ్బుల విభాగంలో ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళందరికీ ఇది అనుభవమే. ఓపీ అయిపోయాక చేతులు కడుక్కుని, స్టీలు డబ్బా నిండా మరమరాలు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటారు. అప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే పుస్తకంలో ఏముందో చెప్పరు. ఫలానా ఊళ్ళో ఫలానా మనిషికి ఏం జరిగిందో చెప్తారు. విన్నవాళ్ళలో కొందరు జవాబు దొరికిందని వెళ్ళిపోతారు. కొందరు అదే ప్రశ్నతో మర్నాడు మళ్ళీ వస్తారు.

ఆ రోజు నౌషీన్ కుర్చీ లాక్కోకుండా, నిలబడే అడిగింది. కర్నూలు అమ్మాయి, ఆ ఏడే ఆయన దగ్గర శిక్షణకి చేరింది. ఆమె చూస్తున్న రోగుల్లో బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఉంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ ముదిరి చేతికర్రతో నడుస్తోంది. మూలకణాల వైద్యం కోసం విదేశం వెళ్తున్నానని ఆవిడ చెప్పగానే నౌషీన్ పరిశోధనా పత్రాలన్నీ ముందు పెట్టి, ఆ వైద్యానికి రుజువు లేదని ఒక్కో అంకే చూపించుకుంటూ వచ్చింది. ఆవిడ సగంలోనే కర్ర అందుకుని లేచి వెళ్ళిపోయింది.

"ఇప్పుడే వెళ్ళింది సార్. కళ్ళముందే గోతిలోకి నడుస్తున్న మనిషిని ఆపలేకపోయాను. ఇంకెలా చెప్తే వింటారు వీళ్ళు?"

శరభయ్యగారు మరమరాల డబ్బా ఆమె వైపు జరిపారు. "తణుకులో పురుషోత్తం అని ఒకాయన ఉన్నాడు," అన్నారు. ఆ తర్వాత ఆయన చెప్పింది ఇదీ.

పురుషోత్తానికి మోటార్లకు వైండింగు చేసే షాపు ఉంది. కాలిపోయిన మోటారు ఏ చేలోంచి తెచ్చినా తిరిగేలా చేసి పంపుతాడని పేరు. మనిషి ఒకచోట నిలవడు. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి ఫ్యాను రెగ్యులేటరు విప్పే రకం. అతని భార్య హైమావతి హైస్కూల్లో లెక్కల టీచరు. పదో తరగతికి పాఠం చెప్పడమంటే ఆమెకు ప్రాణం.

మొదట ఆమెకు ఒక కన్ను మసకబారింది. బోర్డు మీద తను రాసిన అంకెలే తడిగుడ్డతో తుడిచినట్టు కనపడ్డాయి. కొన్నాళ్ళకి అది తగ్గింది. తర్వాత ఎడమ పాదం మొద్దుబారింది. ఒకరోజు వరండాలో చెప్పు జారిపోయిన సంగతి కూడా తెలియక, ఒంటి చెప్పుతో క్లాసులోకి వెళ్ళి పాఠం మొదలుపెట్టింది. పిల్లలు నవ్వాక గాని చూసుకోలేదు.

ఇద్దరూ శరభయ్యగారి దగ్గరకి వచ్చారు. ఇదీ మల్టిపుల్ స్క్లెరోసిసే అని తేలింది. మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీద ఉండే పొరని ఒంట్లోని రక్షణ వ్యవస్థే శత్రువనుకుని పాడుచేస్తుందని ఆయన చెప్పారు. వైరు మీద పూత పోయినట్టా అని అడిగాడు పురుషోత్తం. ఇంచుమించు అంతే అన్నారాయన.

"అయితే మళ్ళీ చుట్టించేద్దాం డాక్టరుగారూ," అన్నాడు పురుషోత్తం, అదేదో సాయంత్రానికల్లా అయిపోయే పనిలా.

కొన్నేళ్ళపాటు మందులు బాగానే కాపు కాశాయి. ఆ తర్వాత జబ్బు తీరు మారింది. ఒక్కసారి విరుచుకుపడి వెనక్కి తగ్గడం మానేసి, చెద పట్టినట్టు లోపల్లోపల సాగసాగింది. ఎండాకాలం వస్తే హైమావతికి మంచం మీంచి లేవడమే గగనమయ్యేది. ఆమె కాలు ఈడుస్తూ గదిలోంచి గదిలోకి నడుస్తుంటే పురుషోత్తం చూడలేకపోయేవాడు. షాపు పనివాళ్ళకి వదిలేసి ఫోన్లో వీడియోలు వెతికేవాడు. ఎక్కడో ఎవరో చక్రాల కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేస్తాడు, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొడతారు. అది భార్యకి చూపించేవాడు. "చూశావా, మనకంటే అధ్వాన్నంగా ఉన్నాడు" అనేవాడు. ఆమె చూసేది, తలూపేది.

చివరికి ఆ వీడియోల్లోని ఒక విదేశీ ఆసుపత్రిలో ఆమెకు మూలకణాల వైద్యం చేయించాలని నిశ్చయించుకుని, వెళ్ళే ముందు శరభయ్యగారి దగ్గరకి వచ్చి చెప్పాడు. ఆయన ఉన్నదున్నట్టు వివరించారు. మూలకణాలతో చేసే వైద్యంలో పరీక్షలకు నిలిచిన పద్ధతి ఒకటుందనీ, అది ఉధృతంగా దాడులు వస్తున్న తొలి దశలో కొద్దిమందికే పనికొస్తుందనీ, హైమావతి ఆ దశ దాటిపోయిందనీ చెప్పారు. వీళ్ళు వెన్నులోకి ఎక్కిస్తామంటున్నది అది కాదు, దీనివల్ల మేలు జరిగినట్టు రుజువు లేదు, కీడు జరగొచ్చు అన్నారు. పురుషోత్తం తలుపు పిడి మీద చెయ్యి వేసుకునే విన్నాడు.

"అయితే చేతులు ముడుచుకుని కూర్చోమంటారా?" అని వెళ్ళిపోయాడు.

సముద్రం దాటి వెళ్ళిన ఆ ఊరి పేరు పలకడానికి అతనికి నోరు తిరిగేది కాదు. ఆసుపత్రి హోటల్లా ఉంది. నేలంతా మెత్తటి తివాచీ. ఆమె కర్ర అందులో దిగబడుతుంటే పురుషోత్తానికి చిరాకేసింది. హాలు నిండా రకరకాల దేశాల మనుషులు. అందరి చూపూ ఒక్క తలుపు మీదే. అక్కడ నాగపూర్ నుంచి వచ్చిన వృందాబాయి అనే పెద్దావిడ పరిచయమైంది. ఇది మూడోసారి రావడమట. ఆవిడ చేతిలోనూ కర్ర ఉంది.

హైమావతి తనకొచ్చిన హిందీలో అడిగింది. "మొదటిసారి గుణం కనిపించిందా అక్కా?"

"ఇంట్లో ఇప్పుడు నన్నెవరూ ఎలా ఉన్నావని అడగరమ్మా. అడిగి అడిగి అలిసిపోయారు. ఇక్కడ పొద్దున్నే నవ్వుతూ వచ్చి పేరు పెట్టి అడుగుతారు," అంది వృందాబాయి.

పురుషోత్తం ఆ మాట వినీ విననట్టు లేచి, కౌంటరు దగ్గరకెళ్ళి ఇంకెంతసేపని అడిగి వచ్చాడు.

పరీక్షల్లో హైమావతికి మూత్రంలో ఇన్ఫెక్షను ఉందని తేలింది. అది తగ్గేదాకా వెన్నులో సూది వెయ్యకూడదన్నారు. ఆసుపత్రి పక్కనే ఒక గది అద్దెకి తీసుకున్నారు. పురుషోత్తానికి అసలు కష్టం అక్కడ మొదలైంది. షాపు లేదు, బేరాలు లేవు. చూడాల్సిన వీడియోలన్నీ ఎప్పుడో అయిపోయాయి. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరిగాడు. వెళ్ళి ఆసుపత్రివాళ్ళని అడిగాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. కుళాయి కారుతుంటే విప్పి బాగుచేశాడు. కారని కుళాయి కూడా విప్పాడు.

"ఏవండీ, కాసేపు నా పక్కన కూర్చోండి," అంది హైమావతి.

"కూర్చుంటే పనులవుతాయా?" అన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం అతను పప్పు కడుగుతుండగా స్నానాలగదిలోంచి నీళ్ళ చప్పుడు ఆగకుండా వినిపించింది. పిలిస్తే పలకలేదు. తలుపు తోసి చూస్తే ఆమె నేల మీద ఉంది. గోడకి వీపు ఆనించి, పైట నోట్లో కుక్కుకుని, నిండిపోయిన బకెట్టు పొర్లుతుంటే అలాగే చూస్తోంది. మోచెయ్యి చెక్కుకుపోయింది.

"పిలవొద్దా హైమా! ఎంతసేపైంది పడి?"

ఆమె పైట తీసింది. "లేవగలననుకున్నాను."

"ఇదివరకెప్పుడూ ఇలా పడలేదు కదా. నీళ్ళు మారి నీరసం వచ్చినట్టుంది. డాక్టర్ని పిలుస్తానుండు."

అతను తిరగబోతుంటే ఆమె అతని లుంగీ అంచు పట్టుకుంది. "పడుతూనే ఉన్నానండీ. మన ఇంట్లోనూ పడుతూనే ఉన్నాను. చప్పుడు కాకుండా పడడం నేర్చుకున్నాను."

పురుషోత్తానికి ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఎందుకు అన్నాడు.

"చప్పుడు వింటే మీరు పరుగెత్తుకొస్తారు. లేపుతారు. లేపి ఫోను తీస్తారు. ఇంకో ఊరు, ఇంకో ఆసుపత్రి. నేను పడ్డ ప్రతిసారీ మీరు ఇంకాస్త దూరం వెళ్ళిపోతున్నారు."

తర్వాత ఏం చెయ్యాలో తోచలేదని పురుషోత్తం శరభయ్యగారితో తనే అన్నాడు. కుళాయి కట్టాలని కూడా తోచలేదట. ఆ తడినేల మీదే ఆమె పక్కన చతికిలబడ్డాడు. లుంగీ తడిసి ఒంటికి అంటుకుంటోంది. పప్పు అక్కడే ఉండిపోయింది. కాళ్ళు లేచి పరుగెత్తమంటున్నాయి. పరుగెత్తడానికి చోటు లేదు.

"ఎలా ఉంటుంది?" అని అడిగాడు చివరికి. జబ్బు గురించి లోకంలో ఉన్న సంగతులన్నీ సేకరించిన మనిషి, ఆ ముక్క భార్యని అడగడం అదే మొదలు.

ఆమె చెప్పింది. పాదాల కింద ఎప్పుడూ ఊక పోసినట్టుంటుందట. ఒక్కోరోజు గుండె చుట్టూ ఎవరో తాడు చుట్టి బిగించి ముడేసినట్టు ఊపిరాడదట. నడక పోతుందన్న భయం ఎప్పుడో పోయింది, కళ్ళు మళ్ళీ మసకబారితే పిల్లలు బోర్డు మీద చేసే లెక్క తప్పో ఒప్పో ఎలా చూడాలన్నదే భయమట. పదో తరగతి మేడ మీద ఉంది. ఆ తరగతిని కిందకి మార్చమని హెడ్మాస్టరుగారిని అడగాలని ఆమెకు రెండేళ్ళుగా ఉంది.

"అడగకపోయావా?"

"మీతో అంటే ఏమంటారో తెలుసు. అప్పటికి నువ్వే మెట్లెక్కేస్తావులే అంటారు. నేను కింద గది అడిగితే, మీ ఆశని నేనే చంపినట్టు అవుతుందనిపించింది."

ఇన్ఫెక్షను తగ్గింది. సూది వేసే రోజు ఆసుపత్రివాళ్ళు నవ్వుతూ వచ్చి పేరు పెట్టి పలకరించారు. లోపలికి తీసుకెళ్ళే ముందు పురుషోత్తం భార్య పక్కన బల్ల మీద కూర్చున్నాడు. "నీకు చేయించుకోవాలనుందా?" అని అడిగాడు.

"ఇంతదూరం వచ్చాం. చేయించుకోకుండా వెళ్తే మీకు జన్మలో నిద్రపట్టదు. మీకోసం చేయించుకుంటాను," అంది.

అతను ఆ తలుపు వైపు చూశాడు. "నాకోసమైతే వద్దు," అన్నాడు.

ఇద్దరూ తిరిగొచ్చేశారు. వచ్చిన మర్నాడే పురుషోత్తం హెడ్మాస్టరుగారి దగ్గరకి వెళ్ళాడు. పదో తరగతి కిందకి మారింది. బోర్డు అందడం లేదంటే దాన్ని కిందకి దించి బిగించాడు. హైమావతి కుర్చీలో కూర్చునే పాఠం చెప్పడం మొదలుపెట్టింది. ఇప్పుడు పడితే పిలుస్తుంది.

అలాగని జబ్బు ఆగలేదు. మరుసటి ఎండాకాలానికి కుడికాలు కూడా బరువెక్కింది, చక్రాల కుర్చీ వచ్చింది. ఆ రోజుల్లో పురుషోత్తం ఒక్కడే శరభయ్యగారి దగ్గరకి వచ్చాడు. "ఆ సూది వేయించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో కదండీ," అన్నాడు. వేయించినా ఆగేది కాదని ఆయన చెప్పారు. విన్నాడు, తల ఊపాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి మళ్ళీ అదే అడిగాడు. ఇప్పటికీ వచ్చినప్పుడల్లా ఏదో ఒక మాటలో పెట్టి అదే అడుగుతాడు.

శరభయ్యగారు అక్కడికి ఆపేశారు. మరమరాలు అయిపోయాయి. నౌషీన్ ఎప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుందో ఆమెకే గుర్తులేదు. ఆమెకు తృప్తిగా లేదు.

"అంటే ఆయన ఆగింది మీ మాట విని కాదన్నమాట," అంది.

"నా మాట ఆయన చెవిన పడితే కదా."

"మరి నేనేం చెయ్యాలి సార్? ఆవిడకి తోడెవరో, ఎవరికోసం వెళ్తోందో, అసలు నిజంగా తనకే వెళ్ళాలని ఉందో, నాకేం తెలుసు? నేను అడగ..." అని ఆగిపోయింది.

శరభయ్యగారు కిటికీలోంచి కిందకి, ఎండలోకి చూశారు.

"ఆ కాళ్ళతో ఆవిడ ఇంకా గేటు దాటి ఉండదు," అన్నారు.