మూడో పిలుపు

ఊఁ కొడతామంటేనే చెప్తాను. ఊఁ కొట్టకుండా వినే కథ కాదిది. మా అమ్మమ్మ చెప్తుంటే మధ్యలో కునుకు తీశానని నా నెత్తిన మొట్టికాయ వేసింది.

మా తాతల తాతలు ఇంకా పుట్టని రోజుల్లో, గోదారి సముద్రంలో కలిసేచోట ఇసకదిబ్బపాలెం అని ఒక పల్లె ఉండేదట. ఆ పల్లెలో మసేను అని ఒకడు. నలుగురిలో గట్టిగా మాట్లాడ్డం కూడా రానివాడు. వాడికున్నది ఒకే ఒక్క అక్క, నూకాలు. అక్క మొగుడు దాలయ్య.

ఒక ఏడు వలలో చేప పడలేదు. అదే ఏడు దొరల ఓడ ఒకటొచ్చి ఓడపనికి కళాసీలు కావాలంది. బావా బావమరదీ ఎక్కడానికి ఒప్పుకున్నారు. రేవులో నూకాలు తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"మీ బావకి దూకుడెక్కువరా. నువ్వే వెనకుండి చూసుకోవాలి. ఇద్దరూ కలిసి రండి."

"అలాగే అక్కా," అన్నాడు మసేను.

ఓడ పోయింది, పోయింది, పోయింది. చివరికి సముద్రమే గడ్డకట్టి ఓడని పట్టేసుకుంది. మంచంటే మన పుష్యమాసం మంచనుకునేరు. మీద ఏనుగులు నడిచినా పగలదు. పొద్దు మధ్యాన్నం ఒకసారి తొంగిచూసి మళ్లీ పడుకుంటుంది. ఓడలో పన్నెండుమంది. తిండి అయిపోవచ్చింది. ఎండలొచ్చి మంచు కరిగేదాకా బతకాలి.

ఆ మంచుసీమలోనే పుట్టి పెరిగిన ముసలామె ఒకతె వచ్చింది. తోలుబట్టల్లోంచి మొహం ఒక్కటే కనపడుతుంది. అందరూ ఆమెని అవ్వా అన్నారు. ఆమె సైగలు చేసి పన్నెండుమందికీ మూడు సంగతులు నేర్పింది.

దాహమేస్తే మంచు నమలొద్దు, కరిగించి వెచ్చజేసి తాగాలి. అది మొదటిది. చెమట పట్టేలా పరిగెత్తొద్దు, ఆ చెమట గడ్డకడితే మనిషీ గడ్డకడతాడు. అది రెండోది. మంచుమీద ఒకడి వెనక ఒకడు నడవాలి. తోలుటోపీ కప్పుకున్నవాడికి వెనకేముందో పక్కనేముందో కనపడదు. అందుకని వెనకున్నవాడు ముందున్నవాణ్ణి మూడేసిసార్లు పిలవాలి. ముందున్నవాడు పలకాలి. అది మూడోది.

మొదటి రెండూ మసేను ఇట్టే పట్టేశాడు. మూడోది రాలేదు. ఎలా వస్తుంది చెప్పండి? వేటకి బయల్దేరినవాణ్ణి వెనకనుంచి పిలిస్తే ఆ వేట పాడవుతుందని పుట్టినప్పట్నుంచీ వింటున్నాడు. చిన్నప్పుడు పడవెక్కబోతున్న తండ్రిని "నాన్నా" అన్నందుకు వాళ్లమ్మ వీపు చీరేసింది. అందుకని పెదాలు కదిపేవాడు గానీ గొంతు రానిచ్చేవాడు కాదు. దాలయ్యకి తెలుసు.

"మంచిపని చేస్తున్నావురా. వేటకెళ్తూ వెనక పిలుపేమిటి, చోద్యం కాకపోతే," అని నవ్వేవాడు.

ఒకరోజు మంచుకి కన్నంపెట్టి చేపలు పట్టడానికి బయల్దేరారు. అప్పటికి మూడు రోజులుగా పస్తులు. వరసలో చివర మసేను, వాడి ముందు దాలయ్య. మంచుగాలి లేచింది. దాలయ్య దారి తప్పి ఎడమకి పోతున్నాడు. మసేను చూశాడు. నోరు తెరిచాడు. ఇవాళా వేట పాడైతే అందరం పోతామనుకున్నాడు. నాలుగంగలేసి బావ భుజం తడదామనుకున్నాడు. నోరు మూసుకున్నాడు.

నాలుగంగలు వేసేసరికి అక్కడ భుజం లేదు. ఎటు చూసినా తెలుపే.

అప్పుడు పిలిచాడు. "బావా, ఉన్నావా?" మళ్లీ పిలిచాడు. మూడోసారి గొంతు చిరిగేలా పిలిచాడు. ఎవరూ పలకలేదు. మూడు రోజులు వెతికారు. దాలయ్య దొరకలేదు.

అవ్వ తిట్టలేదు. వాడి పెదాలమీద వేలుపెట్టి, ఎందుకు పిలవలేదన్నట్టు చూసింది. వాడు చెప్పుకున్నాడు. ఆమెకేం తెలుస్తుంది? వాడి మాట తెలిసినవాడు ఆ మంచులో ఒక్కడే ఉండేవాడు, వాడూ పోయాడు. చుట్టూ పదిమందున్నా మసేను ఒంటరివాడైపోయాడు. ఏడిస్తే కన్నీళ్లు రెప్పలమీదే గడ్డకట్టాయి.

ఆ రోజునుంచీ చివరిచోటు అడిగి తీసుకున్నాడు. "ఉన్నావా?" అని మన మాటలోనే పిలిచేవాడు. ముందున్న పదిమందీ ఏ దేశంవాళ్లో ఏమో, "ఉన్నా" అనడం నేర్చుకున్నారు. ఆ ఒక్క మాటే వచ్చు వాళ్లకి. ఇంకొక్కడూ తప్పిపోలేదు.

మంచు కరిగింది. ఓడ తిరిగొచ్చింది. రేవులో ఒక్కడే దిగాడు.

"మీ బావేడిరా?" అంది నూకాలు.

"నేను పిలవలేదక్కా."

ఏదీ దాచకుండా చెప్పాడు. ఆమె విని, ఇంట్లోకెళ్లి తలుపేసుకుంది. ఆ తలుపు వాడికి మళ్లీ తియ్యలేదు.

మసేను దిబ్బమీద పాక వేసుకున్నాడు. రోజూ పడవలు బయల్దేరుతుంటే ఒడ్డున నిలబడి, వెనకనుంచి మూడుసార్లు పిలిచేవాడు. "ఉన్నారా?"

"నీ నోరు పడిపోను, వేటకెళ్తుంటే వెనక పిలుపులా?" అని ఇసక చల్లారు. తెడ్లతో కొట్టారు. వాడు మానలేదు. పలికినవాడు ఒక్కడూ లేడు. ఏళ్లకేళ్లు అలాగే గడిచాయి. ఆ జనాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక పుష్యమాసంలో, పడవలు వేటనుంచి వచ్చేవేళకి సముద్రంమీద పొగమంచు దిగింది. రేవు ఎటుందో ఎవరికీ తెలియలేదు. ఒడ్డునుంచి ఒకటే గొంతు. "ఉన్నారా? ఉన్నారా? ఉన్నారా?" ఆ గొంతు పట్టుకుని ఒక్కొక్క పడవే వచ్చింది. "ఉన్నాం మసేనూ," అని మొదటిసారి ఒకడు పలికాడు. చివరి పడవ వచ్చేదాకా వాడు మొలలోతు నీళ్లలో నిలబడే పిలిచాడు. తర్వాత జ్వరంతో పడ్డాడు. మూడోరోజు పోయాడు.

దింపుడుకళ్లం దగ్గర పాడె దించారు. పోయినవాడి చెవిలో పేరుపెట్టి మూడుసార్లు పిలవాలి కదా. పిలవడానికి అయినవాళ్లెవరున్నారు? ఆడవాళ్లు అంతదాకా రారు. నూకాలు వచ్చింది. జనాన్ని తోసుకుని వచ్చి తమ్ముడి చెవిదగ్గర వంగింది.

"మసేనూ, ఉన్నావా? మసేనూ, ఉన్నావా?" మూడోసారి పేరు రాలేదు. "తమ్ముడూ, ఉన్నావా?" అంది. ఇన్నేళ్లకి పిలిచింది. వాడు పలకలేదు.

ఆ పాలెంలో ఇప్పటికీ వెనక పిలుపుని తప్పనరు. పడవలు బయల్దేరాక చిట్టచివరి పడవలోవాడు మూడుసార్లు పిలుస్తాడు. మొదటిదానికి ముందు పడవలన్నీ "ఉన్నాం" అంటాయి. రెండోదానికి ఒడ్డునున్న ఆడవాళ్లు పలుకుతారు. మూడోది ఆ మంచుసీమ ఉన్న ఉత్తరంకేసి తిరిగి పిలుస్తాడు. "బావా, ఉన్నావా?" అందరూ తెడ్లు ఆపుతారు. ఒక మనిషి పలకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, వెళ్లిపోతారు.

ఇందాకట్నుంచీ బాగానే ఊఁ కొట్టారు. ఆ మూడోదానికి మాత్రం కొట్టకండి. అది దాలయ్య పలకాల్సింది.