పెడమొగమమ్మ వెండి కన్ను

వెదురుపేట కొండ దిగువన వెలసిన పెడమొగమమ్మ దర్శనానికి వచ్చే భక్తులు మొదట తెల్లబోతారు. గుమ్మంలో నిలబడితే కనిపించేది అమ్మవారి వీపు. ముఖం గోడవైపు ఉంటుంది. విగ్రహాన్ని తిప్పి పెట్టారేమోనని పూజారిని అడగవద్దు, అది మనుషులు తిప్పింది కాదు.

పూర్వం ఇక్కడ అసిరయ్య అనే పూజారి ఉండేవాడు. ఒక శుక్రవారం అమ్మవారి వెండి కళ్ళలో ఒకటి కనిపించలేదు. అసిరయ్య వెనకాముందూ చూడకుండా, గుడి ఊడ్చే దాలమ్మ మీద నింద వేశాడు. ఊరు ఆమెను ఆమె చీపురుతోనే కొట్టి పొలిమేర దాటించింది.

మూడోనాడు ఆ కన్ను అసిరయ్యకు తన పసుపు గిన్నెలోనే, ఎండిన ముద్దలో దొరికింది. అమ్మవారి ముఖానికి పసుపు మెత్తుతూ ఊడదీసింది తన చెయ్యే! అతని పై ప్రాణాలు పైనే పోయాయి. నిజం చెబితే పూజారితనం దక్కదు. గబగబా కన్ను అతికించి, "అమ్మ తన కన్ను తానే తెచ్చుకుందర్రా!" అని కేక పెట్టాడు. ఊరంతా మహిమ మహిమ అంటూ కొబ్బరికాయలు కొట్టింది. దాలమ్మ ఏమైందని అడిగిన నాథుడు లేడు.

తెల్లారేసరికి అమ్మవారు గోడవైపు తిరిగి ఉంది. అసిరయ్య తలుపులు వేసుకుని నూటెనిమిది బిందెలతో అభిషేకం చేశాడు, లెంపలు వాయించుకున్నాడు. మధ్యాహ్నం కునుకులో అమ్మవారు కనిపించి, "నింద ఊరి నడుమ వేసి, తప్పయిందని నా చెవిలో గొణుగుతావేంరా సిగ్గులేనోడా? ఆ దాలమ్మ దగ్గరికి పో" అంది.

వెళ్ళాడు. కొండ మీద దాలమ్మ అడ్డాకులతో విస్తళ్ళు కుడుతోంది. "ఏదో పొరపాటు జరిగిపోనాది దాలమ్మా, పిల్లలు గలోణ్ణి..." అని నసిగాడు. ఆమె తల ఎత్తలేదు. అప్పటికి గానీ అతని నోట అసలు మాట రాలేదు.

"పొరపాటు కాదు. తెలిసీ దాసినాను. నిన్ను దొంగను సేసింది నానే" అంటూ బావురుమన్నాడు.

"ఇన్నాను పూజారీ. ఇదే మాట ఊరికి సెప్పు. నాను మాత్రం ఆ ఊరు రాను. నీ ఏడుపు సూసి కరగడానికి నాకు మనసు మిగల్లేదు" అంది దాలమ్మ.

అసిరయ్య సంత నడుమ నిలబడి అంతా చెప్పాడు. పూజారితనం పోయింది. ఊరు సిగ్గుతో తలవంచుకుని, జాతర భోజనానికి రమ్మని దాలమ్మకు కబురు పంపింది. ఆమె రాలేదు. అమ్మవారూ ఇటు తిరగలేదు.

నేటికీ జాతరనాడు పూజారి ఆ నేరాన్ని తనదిగా గట్టిగా చెప్పాలి. తొలి విస్తరి దాలమ్మకు వేస్తారు. అందులో అన్నం చల్లారేదాకా ఊళ్ళో ఎవరూ ముద్ద ముట్టరు. తప్పు చేసినవారు, ఆ తప్పును అనుభవించినవారికి చెప్పి వస్తేనే ఇక్కడ కొబ్బరికాయ కొడతారు. అలా చెప్పి వచ్చినవారికి అమ్మవారు కంటి నిండా నిద్ర ఇస్తుందని నమ్మకం. క్షమించడం, క్షమించకపోవడం అవతలివారి ఇష్టం. దానికి మాత్రం ఈ గుడిలో మొక్కు లేదు.